ఒక్క ఓటు మేయరు

జ్ఞానప్రకాశం అంకుల్ పోయారని సరోజినీ ఆంటీ ఫోన్ చేసినప్పుడు నేను సిటీ హాల్లో నా బల్ల దగ్గర కూర్చుని, ఆ సాయంత్రం కౌన్సిల్ సమావేశానికి అజెండా కాగితాలు సర్దుతున్నాను. ఆంటీ గొంతులో ఏడుపు లేదు. "లావణ్యా, అంకుల్ వెళ్లిపోయారమ్మా. టీవీలో కౌన్సిల్ మీటింగ్ నడుస్తూనే ఉంది. ఎవరో మాట్లాడుతుంటే కళ్లు మూసుకున్నారు. నిద్రపోయారేమో, మళ్లీ లేచి ఏం నిర్ణయించారని నన్నే అడుగుతారని నేను వింటూ కూర్చున్నా" అంది. రెండో రోజు హాలిఫాక్స్‌కి విమానం ఎక్కాను. సముద్రపు పాయకి ఇటు హాలిఫాక్స్, అటు డార్ట్‌మత్. అంకుల్ వాళ్లిల్లు డార్ట్‌మత్ వైపు. టాక్సీలో వంతెన మీదుగా వెళ్లిపోవచ్చు గానీ, నేను చదువుకునే రోజుల్లో వెళ్లినట్టే ఫెర్రీ ఎక్కాను. పొగమంచులో అవతలి ఒడ్డు కనపడలేదు. డీజిల్ వాసన, ఉప్పుగాలి, తడిసిన ఉన్ని కోట్ల వాసన అన్నీ కలిసి ముక్కుకి తగిలేసరికి నా ఇరవై రెండో ఏడు నా పక్క సీట్లో వచ్చి కూర్చున్నట్టయింది.

ఆ ఇంట్లో నేను ఉన్నది ఏడాదిన్నర మాత్రమే. ఇప్పటికీ ఏ ఇంట్లోనైనా చేపల పులుసు మరుగుతుంటే నాకు మా అమ్మ వంటిల్లు కాదు, ఆ డార్ట్‌మత్ వంటిల్లే గుర్తొస్తుంది. ఆంటీ హాడక్ చేపతో పులుసు పెట్టేది. "కొర్రమీను కాదు, ఏదో దాని దూరపు చుట్టం" అనేది. ఇద్దరూ కృష్ణా జిల్లా నుంచి వచ్చిన క్రైస్తవులు. అంకుల్ ఆసుపత్రి ల్యాబ్‌లో టెక్నీషియన్, ఆంటీ అదే ఆసుపత్రిలో నర్సు. అన్నం ముందు ప్రార్థన అంకుల్‌ది. అది మామూలు ప్రార్థన కాదు. తిండికి, ఆరోగ్యానికి, ఊళ్లో ఉన్న బంధువులకు అయ్యాక, "ఈ పట్టణ మేయరు గారికి, కౌన్సిలర్లకు జ్ఞానం దయచేయుము ప్రభువా, నీటి శాఖ వారిని, రోడ్ల మీద మంచు తీసే వారిని కాపాడుము" అనేవారు. ఆంటీ కళ్లు మూసుకునే, "పులుసు చల్లారిపోతోందండీ" అనేది. ఆయన ఆమెన్ అనేవారు. ఇక మంగళవారం వచ్చిందంటే ఆయనకి డ్యూటీ ఉండకూడదు. ముందు నెలలోనే షిఫ్టు మార్పించుకునేవారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, గిన్నెలో వేయించిన అటుకులు పెట్టుకుని, కౌన్సిల్ సమావేశాన్ని మొదటి నుంచి చివరి దాకా చూసేవారు. క్రికెట్ చూసేవాళ్లలా మధ్యమధ్య, "అయ్యో, ఆ ప్రశ్న అడగాల్సింది ఇప్పుడే కదా!" అని తొడ మీద కొట్టుకునేవారు.

నేను వాళ్లింటికి ఎలా చేరానో చెప్పాలి. అవి మన పిల్లలు విమానాల నిండా కెనడాకి వస్తున్న రోజులు. హైదరాబాద్‌లో కన్సల్టెన్సీ ఆయన కంప్యూటర్లో ఏ సీటు ఖాళీగా కనిపిస్తే ఆ కోర్సే మన జీవితాశయం. నాకు పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ తగిలింది. అదేంటని బాపు అడిగితే, "గవర్నమెంట్ ఎట్ల నడుస్తదో నేర్పుతరు" అని చెప్పాను. "గది ఈడ నేర్చుకోరాదా?" అన్నాడు బాపు. హాలిఫాక్స్‌లో దిగిన రోజు నుంచి బస్సులో, కాఫీ షాపులో, కిరాణా వరసలో ఎటు చూసినా మనవాళ్లే. గుంటూరు యాస, మా గోదావరిఖని వైపు యాస, కర్నూలు యాస అన్నీ కలిసి రెండు నెలల్లో ఒకే యాసగా మెత్తబడిపోయేవి. ఇళ్లు మాత్రం దొరికేవి కావు. నేనూ, బాపట్ల నుంచి వచ్చిన శ్రావణీ కలిసి ఒక ఇంటి బేస్‌మెంట్‌లో చేరాం. పైన ఆరుగురు అబ్బాయిలు, కింద మేమిద్దరం. పైకప్పు చేతికందేది. కిటికీ ఉండేది గానీ అది షూ డబ్బా అంత. దాని అవతల ఎప్పుడూ మంచే. పైకి పోవడానికి ఒక్కటే మెట్లదారి, అదీ వంటగది లోంచి. బట్టలు ఆరేది అక్కడే, పోపు వేసేది అక్కడే. నా సర్టిఫికెట్ల ఫైలుకి కూడా ఇంగువ వాసన పట్టింది.

శ్రావణి ఆదివారాలు తెలుగు ప్రార్థన కూడికకు వెళ్లేది. కూడిక తర్వాత భోజనం ఉంటుందని తెలిసి నేనూ వెంటబడ్డాను. అలా వెళ్లిన రెండో ఆదివారం, పళ్లెం పట్టుకుని నిలబడ్డ నన్ను పెద్ద కళ్లద్దాల ఆయన ఒకరు, "ఏం చదువుతున్నావమ్మా?" అని అడిగారు. మామూలుగా నా కోర్సు పేరు చెప్పగానే అందరూ, "ఓహో, దాంట్లో పీఆర్ వస్తుందా?" అని, కెనడాలోనే స్థిరపడే కాగితం సంగతే అడిగేవాళ్లు. ఈయన పళ్లెం కింద పెట్టేశారు. "ఏ పాఠంలో ఉన్నారు?" అన్నారు. అమెరికాలో పెద్ద నగరాలు మూడింటిని తీసుకుని వాటి పాలనా విధానాలను పోల్చమని అసైన్‌మెంట్ ఇచ్చారనీ, నాకు తలాతోకా అర్థం కాలేదనీ చెప్పాను. ఆంటీ దూరం నుంచే, "అయిపోయింది. అమ్మాయ్, అన్నం చల్లారకముందే నువ్వు తినెయ్" అంది.

ఆ మధ్యాహ్నం మూడింటి దాకా ఆయన వదల్లేదు. నాకు తెలిసిన మేయరంటే మెడలో పూలదండ, ముందొక కారు, వెనకొక కారు. ఆయన నవ్వి, "న్యూయార్క్‌లోనో హ్యూస్టన్‌లోనో అయితే నువ్వు చెప్పిన బొమ్మ కొంత నిజమే. శాఖాధిపతుల్ని పెట్టేదీ, బడ్జెట్టు తయారుచేసేదీ మేయరే. చికాగోలో కాగితం మీద చూస్తే బలమంతా యాభై మంది ఆల్డర్‌మెన్‌ది, అంటే వార్డు కౌన్సిలర్లది. కానీ ఆ కాగితం చదివినవాడు చికాగోలో ఎవడూ ఉన్నట్టు లేడు, పాత మేయర్లు రాజుల్లా ఏలారు. అదే డాలస్‌కి, ఫీనిక్స్‌కి పో. మేయరు కౌన్సిల్లో ఒక మనిషి, అంతే. వాళ్లంతా కలిసి ఒక మేనేజర్ని ఉద్యోగానికి పెట్టుకుంటారు. ఊరు నడిపేది ఆ మేనేజరే" అన్నారు.

"మా మున్సిపల్ కమిషనర్ లెక్కనా అంకుల్?"

"అక్కడే ఉంది తేడా. మీ కమిషనర్ని ఎవరు వేస్తారు?"

"గవర్నమెంట్."

"తీసేసేది?"

"గవర్నమెంటే."

"డాలస్‌లో ఆ మేనేజర్ని కౌన్సిలే పెట్టుకుంటుంది, కౌన్సిలే తీసేస్తుంది. మీ ఊళ్లో కౌన్సిలర్లు కమిషనర్ని తీసేయగలరా? చూడు, పైకి ఒకేలా కనపడే రెండు యంత్రాలు, లోపల తిరిగేది వేరు" అని, నా ముఖం చూసి, "మీ ఊరి కౌన్సిల్లో తెలిసినవాళ్లెవరైనా ఉన్నారా?" అని అడిగారు.

"మా అమ్మ కౌన్సిలర్ అంకుల్" అన్నాను.

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. అజెండా ఎన్ని రోజుల ముందు వస్తుంది, ఏ వార్డు, మీటింగ్‌లో ఎవరు ముందు మాట్లాడతారు అంటూ ప్రశ్నల మీద ప్రశ్నలు. మా ఊరు గోదావరి పక్కన చిన్న మున్సిపాలిటీ. వార్డు మహిళలకు రిజర్వు అయిందని బాపు అమ్మ పేరున నామినేషన్ వేశాడు. గెలిచిన రోజు అమ్మ మెడలో కూడా దండ పడింది. మర్నాటి నుంచి ఆమె మళ్లీ కుట్టుమిషన్ ముందు కూర్చుంది. మీటింగ్‌కి బాపు పోయేవాడు. హాల్లో వెనక వరసలో భర్తలు కూర్చునేవాళ్లట, ముందు వరసలో ఆడవాళ్ల కుర్చీలు ఖాళీగా ఉండేవట. హాజరు పుస్తకం, లోపల ఎవరేం మాట్లాడారో రాసిన మినిట్స్ ఇంటికే వచ్చేవి. అమ్మ వేళ్లకంటిన సుద్దపొడి కొంగుకి తుడుచుకుని, బాపు చూపించిన చోట సంతకం పెట్టి, మళ్లీ జాకెట్టు చంకలు కత్తిరించుకునేది. ఇదంతా నేను కొంచెం తలొంచుకునే చెప్పాను. అంకుల్ తప్పుపట్టలేదు, జాలిపడనూ లేదు. నిజంగా తెలుసుకోవాలనే, "మరి ఓటింగ్ జరిగితే? మీ నాన్న గారు చెయ్యెత్తితే అది లెక్కలోకి వస్తుందా?" అని అడిగారు. ఆ ప్రశ్న నాకు అంతకు ముందు ఎప్పుడూ తట్టలేదు. అదే ఇంట్లో ఇరవై రెండేళ్లు పెరిగాను, ఒక్కసారి తట్టలేదు.

జనవరి చివర్లో మా ఇంటికి తనిఖీ అధికారిణి వచ్చింది. పక్కింటి వాళ్లెవరో ఫిర్యాదు చేశారట. పొడుగ్గా, తక్కువ మాటలతో, బూట్లకు అంటిన మంచు గుమ్మం దగ్గరే దులుపుకుని లోపలికి వచ్చిన మనిషి. బేస్‌మెంట్ కిటికీని టేపుతో కొలిచింది, మెట్లు ఎక్కి దిగింది, పొగ వస్తే మోగాల్సిన అలారం నొక్కి చూసింది. మోగలేదు. రెండో రోజు తలుపు మీద కాగితం అంటించి ఉంది. బేస్‌మెంట్ మనుషులు ఉండటానికి పనికిరాదు, వారంలోగా ఖాళీ చెయ్యాలి. ఇంటి యజమాని ఫోన్ ఎత్తలేదు. శ్రావణి ఆ కాగితం ముందే కూర్చుండిపోయింది. ఆ వారం నాకు రెండు పరీక్షలు, దానికి మూడు. బయట మంచు మోకాలి లోతు. నెల మధ్యలో గది దొరకడం ఆ ఊళ్లో ఎవరి తరమూ కాదు.

పైనున్న అబ్బాయిలు ఒకే మాట అన్నారు, మేయరు దగ్గరికి పోదామని. అమ్మకి ఫోన్ చేస్తే అమ్మా అదే మాట. "మేయర్ కాడికి పోండ్రి బిడ్డా. ఆడపిల్లలను చలిల ఎట్ల ఎల్లగొడ్తరు? ఆయన ఒక్క ఫోన్ కొడ్తే అయిపాయె." మేయరు నెలకొకసారి ఏదో ఒక లైబ్రరీలో కూర్చుని జనంతో మాట్లాడతాడని అంకుల్ చెప్పారు. "వెళ్లండమ్మా, వెళ్లి మీ కళ్లతో చూడండి" అని తనూ వచ్చారు. ఆ మేయరుకి ముందు కారూ లేదు, వెనక కారూ లేదు. మడత కుర్చీలో కూర్చుని, ముసలావిడ ఎవరో తమ వీధిలో చెట్టు సంగతి చెబుతుంటే వింటున్నాడు. మా వంతు వచ్చాక మేం చెప్పింది పూర్తిగా విన్నాడు. విని, తనకు కౌన్సిల్లో ఉన్నది ఒక్క ఓటేనని, సిబ్బంది ఇచ్చిన భద్రతా ఆర్డరును తను రద్దు చెయ్యలేనని, చెయ్యగలిగినా చెయ్యకూడదని నెమ్మదిగా చెప్పాడు. తన సహాయకురాలికి మా పేర్లు రాసుకొమ్మన్నాడు. బయటికొచ్చాక శ్రావణి, "ఒక్క ఓటంట. మరి మేయర్ అన్న పేరెందుకు?" అంది. ఏడుపూ కోపమూ కలిసిపోయి నవ్వులాంటిది వచ్చింది దానికి. అంకుల్ మాత్రం సంబరంగా ఉన్నారు. "చూశారా? ఎంత శుభ్రంగా చెప్పాడో! ఇప్పుడా కాగితం ఇవ్వండి. కింద సంతకం పెట్టిందెవరో, ఆ సంతకాన్ని ప్రశ్నించే చోటు ఎక్కడుందో చూద్దాం" అన్నారు.

అది ఉంది. ఆర్డరు చివర, చీమతలల్లాంటి అక్షరాల్లో. ఫలానా కమిటీకి అప్పీలు చేసుకోవచ్చు, ఐదు నిమిషాలు మాట్లాడవచ్చు. నేను మర్నాడు పొద్దున్నుంచి లైబ్రరీలో కూర్చుని రెండు పేజీల ప్రసంగం రాశాను. మేం విద్యార్థులం, ఫీజులు కట్టాం, ఎక్కడికి పోతాం, ఈ ఆర్డరు రద్దు చెయ్యండి. చాలా బాగా వచ్చిందనిపించింది. సాయంత్రం ఫెర్రీలో అంకుల్‌కి చూపించాను. ఆయన ఆసుపత్రి నుంచి ఇంటికి వెళుతున్నారు. కిటికీ పక్కన కూర్చుని రెండు పేజీలూ చదివి, మడిచి, నా చేతిలో పెట్టారు.

"ఇది నేను దిద్దనమ్మా."

"ఇంగ్లిష్ తప్పులున్నయా అంకుల్?"

"ఇంగ్లిష్ బాగుంది. అడిగింది బాలేదు. ఈ ఆర్డరు ఎవరైనా రద్దు చేస్తే, ఆ మనిషికి నేను ఈ జన్మలో ఓటు వెయ్యను."

నాకు ఒళ్లు మండింది. "మీకు సొంతిల్లు ఉంది కాబట్టి అట్ల అంటున్నరు" అన్నాను. పెద్దవాళ్లతో అలా మాట్లాడటం అదే మొదటిసారి. పక్క సీటులో ఉన్నవాళ్లు మా వైపు చూశారు. ఆయన కోపగించుకోలేదు.

తన సంగతి చెప్పారు. ఆయనది దివిసీమ. ఉప్పెన వచ్చిన రోజు ఆయనకి పదేళ్లు. గాలికి భయపడి వాళ్ల నాయనమ్మా, అక్కా వంటగదిలోకి వెళ్లి తలుపేసుకున్నారు. ఆ గదికి ఒక్కటే తలుపు. గొడ్లను విప్పడానికి వెళ్లిన తండ్రీకొడుకులు తాటిచెట్టుని పట్టుకుని బతికారు. "నీళ్లు తీశాక మా నాన్నే వెళ్లి ఆ తలుపు తెరిచాడు. నన్ను రానివ్వలేదు" అన్నారు. ఫెర్రీ ఒడ్డుకు తగిలి కుదుపు ఇచ్చింది. జనం లేచారు. ఆయన లేవలేదు. "ఒక్క దారి ఉన్న గదిలో మిమ్మల్ని ఉండనివ్వమని అడగడానికి నేను సాయం చెయ్యలేనమ్మా. వెళ్లడానికి టైమ్ అడుగు. అది అడగడం న్యాయం. అడిగితే నీ పక్కన కూర్చుంటాను" అన్నారు.

ఊరి పాలన మీద ఆయనకున్న పిచ్చి ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఆరోజే తెలిసింది. ఉప్పెన తర్వాత వాళ్ల నాన్న నెలల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగాడట. ఒక బల్ల దగ్గర, "ఇది మా పని కాదు" అంటే ఇంకో బల్ల. అక్కడా అదే మాట. అంకుల్ పెద్దయ్యాక టెక్సాస్‌లో గాల్వెస్టన్ అనే సముద్రపు ఊళ్లో ఆసుపత్రిలో పనికి కుదిరారు. గ్రీన్‌కార్డు వరసలో నిలబడి విసిగి తర్వాత కెనడా వచ్చారు. ఆ గాల్వెస్టన్‌నీ ఒకప్పుడు ఉప్పెన ఊడ్చేసింది. "మేం ఇళ్లు కట్టుకున్నాం. వాళ్లు ఇళ్లతో పాటు పాలన కూడా మళ్లీ కట్టుకున్నారమ్మా. ఐదుగురిని కూర్చోబెట్టి, నీళ్లు నీవి, రోడ్లు నీవి, పోలీసూ ఫైరూ నీవి అని పంచారు. నీళ్లు రాకపోతే ఏ తలుపు కొట్టాలో ఊరందరికీ తెలుసు. అది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. మా నాన్నకి అలాంటి తలుపు ఒక్కటి దొరికి ఉంటే అనుకున్నా." ఆ పద్ధతి ఎన్నో ఊళ్లకు పాకింది. తర్వాత ఒక్కో ఊరూ వదిలేసింది. ఎవరి శాఖకు వాళ్లే రాజులై, మొత్తం ఊరిని చూసేవాళ్లు లేకుండా పోయారు. ఓహాయోలో డేటన్ అనే ఊరు వరద తర్వాత మేనేజర్ పద్ధతికి వెళ్లింది. శాన్ డియాగో మేనేజర్‌తో విసిగి బలమైన మేయరుకి వెళ్లింది. పోర్ట్‌లాండ్ కూడా ఐదుగురి పద్ధతి వదిలేస్తోందని చెబుతున్నప్పుడు ఆయన ముఖంలో పాత స్నేహితుడి ఇల్లు అమ్మేస్తున్నారన్నంత దిగులు. "ఏది మంచిది అంకుల్ చివరికి?" అని అడిగాను. "తెలిస్తే చూడటం ఆపేసేవాణ్ని కదమ్మా" అన్నారు.

ప్రసంగం మళ్లీ రాశాను. ఈసారి ఒక్క పేజీ. ఆర్డరు సరైనదే, మాకు మూడు వారాలు ఇవ్వండి, ఈలోగా పైన హాల్లో పడుకుంటాం, అలారాలు రేపే పెట్టించండి. కమిటీ గది అనుకున్నంత పెద్దది కాదు. అర్ధచంద్రంగా బల్ల, దాని వెనక ఐదారుగురు. గోడ మీద గడియారం అంకెలు వెనక్కి లెక్కపెడుతున్నాయి. నేను రెండున్నర నిమిషాల్లో అయిపోగొట్టాను. తర్వాత ఒక కౌన్సిలర్, జుట్టు నెరిసిన ఆవిడ, పక్కన నీలం ఊలు అల్లిక సంచి పెట్టుకుని కూర్చున్నావిడ, నన్ను కాకుండా తనిఖీ అధికారిణిని అడిగింది: "హాల్లో పడుకుంటే వీళ్లకు ప్రమాదం ఉందా?" అలారాలు పనిచేస్తే, రెండు తలుపులూ అడ్డం లేకుండా ఉంటే లేదంది అధికారిణి. "యజమాని అలారాలు ఎప్పటిలోగా పెట్టాలి?" రేపు మధ్యాహ్నం. "మీరే వెళ్లి చూస్తారా?" చూస్తాను. అంతే. చేతులు ఎత్తారు. మూడు వారాలు ఇచ్చారు. బేస్‌మెంట్ మాత్రం మూతపడింది. బయటికొస్తుంటే ఆ అధికారిణి మా కోసం తలుపు పట్టుకుని నిలబడి, "పరీక్షలు బాగా రాయండి" అంది. అప్పటిదాకా ఆమెను నేను శత్రువనుకున్నాను. మూడో వారం చివర సరోజినీ ఆంటీ తన కుట్టుపని గది ఖాళీ చేసి మా ఇద్దరికీ ఇచ్చింది. వెళ్లిన మొదటి రోజే అంకుల్ ఆ గదికి రెండు దారులున్నాయని చెప్పి, కిటికీ గడియ ఎలా తియ్యాలో చూపించి, మా ఇద్దరి చేతా చెరోసారి తీయించారు.

కమిటీ అయిన సాయంత్రం అమ్మకి ఫోన్ చేశాను. మేయరుకి ఒక్క ఓటే అంటే అమ్మ నమ్మలేదు. మూడు వారాలు ఇచ్చారంటే సంతోషించింది. ఆ తర్వాత ఒక మాట అడిగింది.

"నువ్వే మాట్లాడినవా? నీ నోటితోని?"

"నేనే అమ్మా."

"గా అల్లిక సంచి ఆమె కౌన్సిలరేనా? ఆమెతోని ఆమె పెనిమిటి రాలే?"

"రాలేదమ్మా. ఆయన ఉన్నడో లేడో కూడ నాకు తెల్వది."

అటువైపు కుట్టుమిషన్ చప్పుడు ఆగిపోయింది. నెట్‌వర్క్ పోయిందనుకుని హలో, హలో అన్నాను. "ఇన్నొస్తుంది. ఆమె ఏమడిగిందో మళ్ల చెప్పు" అంది. మూడు ప్రశ్నలూ మళ్లీ చెప్పాను. "గంతేనా? గవి నేను సుత అడుగుత" అంది అమ్మ.

ఇప్పుడు నేను పని చేసే ఊరు వేరే రాష్ట్రంలో, టొరంటోకి రైలు దూరంలో. క్లర్కు ఆఫీసులో నా ఉద్యోగం. ఆంటారియోలో మేయర్లకు బలం పెంచారు. కొన్ని తీర్మానాలను వీటో చెయ్యొచ్చు, పెద్ద అధికారిని తామే పెట్టుకోవచ్చు. ఆ సంగతి మొదటిసారి చెప్పినప్పుడు అంకుల్ మంచిదనీ అనలేదు, చెడ్డదనీ అనలేదు. "వీటో వేస్తే ఎవరికి తెలుస్తుంది? నోటీసు ఎక్కడ అంటిస్తారు?" అని అడిగారు. అంటించేది నేనే అని చెబితే పిల్లాడిలా నవ్వారు. ఆరోజుల్లో మా హాల్లో మాట్లాడటానికి వచ్చేవాళ్లతో కుర్చీలు నిండేవి. ఇప్పుడు చాలామంది ఇంటి నుంచే తెర మీద మాట్లాడతారు. ఐదు నిమిషాలు అయిపోగానే ముఖం ఒక్కసారిగా మాయమవుతుంది. వసతిగా ఉంది, కాదనను. కానీ మాట్లాడి కిందికి దిగి వస్తున్న మనిషి కోసం తలుపు పట్టుకుని నిలబడేవాళ్లు లేరు. మొన్న సమాధి దగ్గర పాస్టర్ గారి ప్రార్థన అయ్యాక ఆంటీ ఒక్కతే చిన్న గొంతుతో, "నీటి శాఖ వారిని, మంచు తీసే వారిని..." అని మొదలుపెట్టి ఆగిపోయింది. నేనూ శ్రావణీ పూర్తి చేశాం.

ఆ రోజు తిరుగు ఫెర్రీలో నేను ఎక్కువ తలుచుకున్నది మాత్రం అమ్మని. నేను కమిటీ ముందు మాట్లాడిన రెండు నెలలకు అమ్మ మీటింగ్‌కి పోయింది. ఎవరికీ చెప్పలేదు. బాపు స్నానానికి వెళ్లినప్పుడు చీర మార్చుకుని, ఆటో ఎక్కి పోయింది. హాల్లోకి అడుగుపెట్టాక తెలిసిందట, తన కుర్చీ ఏదో తనకు తెలియదని. రెండేళ్ల కౌన్సిలరు. గుమ్మంలో నిలబడిపోయింది. ముసలి అటెండరు వచ్చి, "అమ్మా, మీది గిది" అని కిటికీ పక్కన కుర్చీ చూపించి, దాని మీద దుమ్ము తన తువ్వాలుతో దులిపాడట. బాపు పరుగున వచ్చేసరికి ఆమె కూర్చుని ఉంది. ఆయన వెనక వరసలోకి పోలేదు, బయటే నిలబడ్డాడు. ఆమె అడిగింది ఒక్కటే: మా వార్డులో నల్లా నీళ్లు వారానికి రెండుసార్లే ఎందుకు వస్తున్నాయి? చైర్మన్ కమిషనర్ వైపు చూశాడు, కమిషనర్ ఇంజినీర్ వైపు చూశాడు, ఇంజినీర్ రాసుకున్నాడు. నీళ్లు ఆ తర్వాత కూడా చాలా రోజులు వారానికి రెండుసార్లే వచ్చాయి. అమ్మ ప్రతి నెలా పోయింది, ప్రతి నెలా అదే అడిగింది. వారానికి మూడోసారి రావడానికి ఏడాది పట్టింది.

ఆ మొదటి మీటింగ్ రోజు ఫోన్లో ఆమె గొంతు నాకు కొత్తగా వినిపించింది. బాపు ఏమన్నాడని అడిగాను. కోప్పడ్డాడా, అన్నం తిన్నాడా అని.

"కోపమేం లేదు. ఇంటికొచ్చినంక మెల్లగ అడిగిండు, లోపల ఏం మాట్లాడినవే అని."

"నువ్వేం చెప్పినవ్?"

"ఏం చెప్పలే" అంది అమ్మ. "మినిట్స్ వస్తయ్ గదా, చదువుకో అన్న."